పోటూ పాటూ

తెలుగునాట ముస్లిం అనగానే అందరి కళ్లముందూ కొన్ని బొమ్మలు కదులుతాయి. మినారు, బుర్ఖా, బిర్యానీ డేగ్చా, పంక్చర్ దుకాణం. సినిమాలోనైతే హీరో కోసం ప్రాణమిచ్చే నేస్తం, లేకపోతే బాంబు పెట్టేవాడు. ఈ బొమ్మల్లో ఏరు ఉండదు, సముద్రం ఉండదు, అడవి ఉండదు, పిట్ట ఉండదు. మేం చెట్టు కింద నిలబడితే నీడ కోసం నిలబడ్డామని ఎవరూ అనుకోరు. ఎందుకు నిలబడ్డారని అడుగుతారు.

మేం కోఠి వాళ్లం. సుల్తాన్‌బజార్ బట్టల దుకాణాల మధ్య, ఫుట్‌పాత్ మీద గుట్టలు పోసిన పాత పుస్తకాల మధ్య పెరిగినవాళ్లం. కోఠి అంటే భవంతి. ఆ భవంతి నిజాం దర్బారులో ఉండే బ్రిటిష్ రెసిడెంటుది. 1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలాఉద్దీన్ దండెత్తింది దానిమీదికే. తర్వాతి కాలంలో అదే ఆడపిల్లల కాలేజీ అయింది. దొర పోయాడు, దొర ఇంటి పేరు మాత్రం మా మొహల్లాకు మిగిలిపోయింది. మమ్మల్ని ఏ పేరుతో పిలవాలో ఎప్పుడూ ఇంకొకరే తేల్చారు.

మాకు తెలిసిన నీళ్లు మూసీ నీళ్లే. 1908 సెప్టెంబర్ 28 వరద కథను మా దాదీమాలు కళ్లతో చూసినట్టే చెప్పేవాళ్లు. అఫ్జల్‌గంజ్‌లో చింతచెట్టెక్కి నూటయాభై మంది బతికారని, ఆ చెట్టు మీద ఎవరి మతం ఎవరూ అడగలేదని చెప్పేవాళ్లు. సముద్రం మాకు పుస్తకాల్లోదే. నీళ్లు ముందుకు రావడం, వెనక్కి పోవడం అన్నదాన్ని మేం మొదట ఉర్దూలో నేర్చుకున్నాం. మద్ద్-ఓ-జజ్ర్ అంటారు. హాలీ 1879లో రాసిన ముసద్దస్ పూర్తి పేరులో ఆ మాట ఉంది. కౌమ్ ఎదగడాన్నీ కుంగడాన్నీ ఆయన ఆ మాటతోనే చెప్పాడు. మూసీకి పోటూ లేదు పాటూ లేదు. అందుకే ఆ మాట మాకు చాలాకాలం పద్యంలోని మాటగానే ఉండిపోయింది.

దాని అసలు అర్థం మాకు కోరంగిలో దొరికింది. నాంపల్లిలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, అర్ధరాత్రి దాటాక సామర్లకోటలో దిగి, కాకినాడ మీదుగా పోయాం. మేమంటే ఇంటిల్లిపాదీ. బుర్ఖాలో అమ్మీ, స్కార్ఫు కట్టిన భార్య, కాలేజీకి పోయే కూతురు. పడవ ఎప్పుడు కదులుతుందని అడిగితే పడవ నడిపే అతను గడియారం చూడలేదు, కాలువ చూశాడు. "పోటు రావాలండి. పాటులో బురద తప్ప ఏముండదండి" అన్నాడు. అమ్మీ మెల్లగా "మద్ద్-ఓ-జజ్ర్" అనుకుంది.

కయాక్ అనే చిన్న పడవను గ్రీన్‌లాండ్ వైపు మంచు తీరాల్లో ఇన్యూట్ వేటగాళ్లు సీల్ చర్మంతో చేసుకునేవాళ్లు. పొట్ట నింపిన పడవ అది. ఈ రోజు అమెరికాలోని ఫ్లోరిడాలో, ఎవర్‌గ్లేడ్స్ మడ అడవుల గుండా 99 మైళ్ల నీటిదారిలో సెలవులు గడపడానికి వచ్చినవాళ్లు దాన్ని తెడ్డేసుకుంటూ పోతారు. మేం కోరంగిలో ఎక్కింది మోటారు పడవ. సంగతి మాత్రం అదే. చేపల కోసం తిరిగిన కాలువలో ఇప్పుడు మనుషులను తిప్పుతున్నారు. అటవీశాఖ టికెట్టు ఇస్తుంది. నడిపేదీ చూపించేదీ ఆ ఊళ్లవాళ్లు.

కోరంగి అభయారణ్యాన్ని 1978లో ప్రకటించారు. 235 చదరపు కిలోమీటర్లకు పైగా ఉంటుంది. గోదావరి పాయ సముద్రంలో కలిసే చోట నీళ్లు తీపీ కావు, పూర్తిగా ఉప్పూ కావు. అక్కడ వేరే చెట్టేదీ బతకదు, మడచెట్టు బతుకుతుంది. బురదలో గాలి ఆడదు కాబట్టి వేళ్లను మేకుల్లా పైకి లేపి గాలి పీల్చుకుంటుంది. పీల్చిన ఉప్పును ఆకుల మీదికి తోసేస్తుంది. పడవతను ఆకు తుంచి నాలిక మీద పెట్టుకోమన్నాడు. ఉప్పగా ఉంది. తిల్ల చెట్టును మాత్రం ముట్టుకోవద్దన్నాడు. దాని పాలు కంట్లో పడితే చూపు పోతుందట. నీటికుక్కలు, బావురుపిల్లి ఇక్కడే ఉంటాయి. బావురుపిల్లి రాత్రి తిరిగే జీవం, మాకు కనపడలేదు. దాని అడుగులు బురదలో కనపడ్డాయి.

మా పక్కన కూర్చున్న ఒక పెద్దమనిషి మమ్మల్ని చాలాసేపటి నుంచి చూస్తున్నాడు. చివరికి "మీ తెలుగు భలే ఉందండీ. ఎక్కడ నేర్చుకున్నారు?" అన్నాడు. ఆయన గొంతులో చెడ్డతనం లేదు. అందుకే ఆ ప్రశ్న ఇంకా లోతుగా దిగుతుంది. తెలుగులో ఇరవై ఏళ్లుగా వార్తలు రాస్తున్నాం. ఆ తెలుగు చదివి మార్కెట్టు ధరలు తెలుసుకున్నవాళ్లున్నారు, ఎన్నికల ఫలితాలు తెలుసుకున్నవాళ్లున్నారు. అయినా మేం తెలుగును ఎక్కడో నేర్చుకుని ఉండాలి. "మీరెక్కడ నేర్చుకున్నారో అక్కడే" అన్నాం. ఆయన నవ్వాడు. ఆ తర్వాత ఏం మాట్లాడాలో తెలియక చెట్లవైపు తిరిగాడు.

అంతలో కొంగల గుంపు లేచింది. అమ్మీకి చూపించబోయి "వో దేఖో" అన్నాం. కూతురు మా చెయ్యి నొక్కింది. "ఇధర్ ఉర్దూ నక్కో, అబ్బా" అంది చెవిలో. ఆ అమ్మాయికి పదిహేడేళ్లు. అబిడ్స్‌లో, నాంపల్లిలో పుట్టినప్పటి నుంచి గొంతెత్తి మాట్లాడిన పిల్ల. ఫోన్లో రోజూ చూసే వీడియోలు ఆ పిల్లకు ఎక్కడ గొంతు తగ్గించాలో నేర్పాయి. మేం నేర్పలేదు.

సరిగ్గా అప్పుడే పడవతను వెనకవాణ్ని పిలిచాడు, "సరంగూ, ఇంజినాపు" అని. మేం కూతురితో మామూలు గొంతుతోనే, ఉర్దూలోనే చెప్పాం. బేటా, సరంగు ఫార్సీ మాట, సర్‌హంగ్ నుంచి వచ్చింది. ఈ తీరమంతా భయపడే తుఫాను అరబ్బీ నుంచి వచ్చింది. ఇక్కడివాళ్లు తమను సర్కారు జిల్లాల వాళ్లం అనుకుంటారు చూడు, ఆ సర్కారూ ఫార్సీయే. 1766లో నిజాం అలీఖాన్ ఇంగ్లీషువాళ్లకు రాసిచ్చేదాకా ఈ నేలా మన నేలా ఒకే సర్కారు కింద ఉన్నాయి. పడవలో అందరూ మన మాటలు మాట్లాడుతుంటే మనమొక్కళ్లమే నోరు మూసుకోవాలా?

పడవతను ఇంజను ఆపింది పాత రేవు సంగతి చెప్పడానికి. కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. 1789 తుఫాను దాన్ని ముంచింది. 1839 తుఫాను మళ్లీ లేవకుండా చేసింది. 1789 నాటి తుఫాను గురించి రాసిన వాళ్లలో కలకత్తాలో ఉన్న హెన్రీ పిడింగ్టన్ ఒకడు. సైక్లోన్ అన్న ఇంగ్లీషు మాటను చేసింది ఆయనే, పాము చుట్టను సూచించే గ్రీకు మాట నుంచి.

రేవు పోయినా పేరు పోలేదు. సముద్రం దాటి బర్మా చేరింది. రంగూన్ రేవులో బస్తాలు మోసే తెలుగు కూలీని, వాడు శ్రీకాకుళం వాడైనా విశాఖ వాడైనా, కోరంగి అనేవాళ్లు. ఊరి పేరు జాతి పేరైంది. పోనుపోను అది ఎత్తిపొడుపు మాటైంది. 1930 మే నెలలో ఆ కూలీలు కూలి పెంచమని సమ్మె చేస్తే వాళ్ల చోట బర్మా వాళ్లను పెట్టారు. సమ్మె తీరాక వాళ్లను వద్దన్నారు. నిప్పంటుకుంది. వంద మందికి పైగా చచ్చిపోయారు, ఎక్కువమంది తెలుగువాళ్లే. 1942లో జపాన్ సైన్యం వచ్చినప్పుడు వేలమంది అడవుల గుండా నడిచి ఇల్లు చేరారు. కొందరు దారిలోనే పోయారు.

మీరు ఎక్కడి నుంచి వచ్చారు, మీ ఊరికి ఎప్పుడు పోతారు, మా పని ఎందుకు లాక్కున్నారు అన్న ప్రశ్నలు తెలుగువాడూ విన్నాడు. ఆ రోజు రంగూన్‌లో తెలుగు మాట్లాడొద్దని బిడ్డ చెవిలో చెప్పిన తల్లులు ఉండే ఉంటారు. ఇది మా బడి పుస్తకాల్లో లేదు, మీ బడి పుస్తకాల్లోనూ లేదు. ఉండి ఉంటే పడవలో ఆ పెద్దమనిషి ప్రశ్న ఇంకోలా ఉండేదేమో.

గోదారి వాళ్లకు ఒక చేప ఉంది. సముద్రంలో ఉన్నంతసేపు విలస. వరద నీటికి ఎదురీది గోదారిలోకి వస్తే పులస. పుస్తెలమ్మి అయినా తినాలంటారు దాన్ని. చేప ఒకటే, నీళ్లు మారితే పేరు మారింది, రుచి పెరిగింది. రెండు నీళ్లు తెలిసిన చేపకు అంత విలువ కట్టేవాళ్లు, రెండు భాషలు తెలిసిన మనిషిని ఎందుకు అనుమానిస్తారు?

ఇంకో మాట. అభయారణ్యం అన్న పేరు మాకు ఒకవైపు నచ్చింది, ఒకవైపు గుచ్చుకుంది. బావురుపిల్లికి అభయం ఇవ్వాల్సిందే. అది నోరు లేని జీవం. కానీ మా మంచి కోరేవాళ్లు కూడా మమ్మల్ని అలాగే కాపాడదామంటారు. కంచె వేసి, బోర్డు పెట్టి, ఏడాదికోసారి వచ్చి చూసి పోదామంటారు. రంజాన్ రాత్రుల్లో చార్మినార్ చుట్టూ గైడ్లు గుంపులను తిప్పుతుంటారు. ఇదిగో హలీం భట్టీ, ఇదిగో సేమియా దుకాణం, ఇదిగో నమాజు. మా గల్లీలో మేమే చూడాల్సిన జంతువులం. చెప్పేవాడు మావాడు కాదు. మా గురించి మమ్మల్ని ఎవరూ ఏమీ అడగరు.

కోరంగిలో మాకు బాగా నచ్చింది మడచెట్టు కాదు, పడవ నడిపిన మనిషి. తన నీళ్ల గురించి తనే చెప్పాడు. తన తాతల రేవు మునిగిన సంగతి తనే చెప్పాడు. ఎక్కడ ఇంజను ఆపాలో, ఏ చెట్టు ముట్టుకోవద్దో తనే తేల్చాడు. చూడొచ్చినవాళ్లు కూర్చుని విన్నారు. మాకూ అంతే కావాలి. అభయం అక్కర్లేదు, తెడ్డు కావాలి. మా కోఠినీ, మా ఉర్దూనూ, మా తెలుగునూ మేమే తిప్పి చూపిస్తాం. పోటు ఎప్పుడో పాటు ఎప్పుడో మాకు తెలుసు. ఎక్కేవాళ్లు ఎక్కండి. ఒక్కటే షరతు, మా భాష ఎక్కడ నేర్చుకున్నామని మాత్రం అడగొద్దు.