పెట్రోలు ఉంది, కరెంటు లేదు



విదేశాలకు చదువుకి వెళ్లే తమ్ముళ్లు ఫీజులెంత, రూములు ఎక్కడ దొరుకుతాయి అని అడుగుతుంటారు. ఆపదొస్తే ఎట్లా అని ఎవరూ అడగరు. అప్పట్లో మేమూ అడగలేదు. అందుకే ఇది రాస్తున్నాం.

2012లో మేం నలుగురం న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఒకే ఇంట్లో ఉండేవాళ్లం. ఇద్దరిది పాడేరు వైపు, ఒకరిది ఉట్నూరు, ఒకరిది భద్రాచలం. నలుగురికీ కలిపి ఒక పాత కారు. అక్టోబర్ 29 రాత్రి శాండీ తుఫాను తీరం దాటింది. తెల్లారేసరికి కరెంటు లేదు, హీటరు లేదు. కారులో పావు ట్యాంకు పెట్రోలు ఉంది, అంతే.

మొదట మాకు అర్థం కానిది ఒకటే. బంకుల్లో భూమి లోపల పెట్రోలు ఉంది, పైకి తోడే పంపుకి కరెంటు లేదు. కరెంటు ఉన్న బంకుకేమో లోడు రాలేదు. రేవు మూతపడింది, నిల్వ టెర్మినళ్లు దెబ్బతిన్నాయి. నవంబర్ 3 మధ్యాహ్నం నుంచి 12 కౌంటీల్లో సరి బేసి పద్ధతి పెట్టారు. మా బండి నంబరు సరి అంకె. అంటే మా వంతు మర్నాడే.

4వ తేదీ చీకటితోనే వెళ్లి లైన్లో పెట్టాం. ఇంజను ఆపేసి, లైను కదిలినప్పుడల్లా కారుని చేత్తో నెట్టుకుంటూ పోయాం. భద్రాచలం తమ్ముడు నవ్వాడు: "జీసీసీ డిపో ముందు కిరసనాయిలుకి నిలబడ్డట్టే ఉంది గదన్నా." నిజమే. చుట్టూ జనం హారన్లు కొడుతుంటే మాకు మాత్రం చిరాకు రాలేదు. ఓపిక మా ఊరే మాకు నేర్పింది.

ఆ గర్వమే ఆ రాత్రి మా మీదికి తెచ్చింది. చలికి తట్టుకోలేక మాలో ఒకడు బయటున్న బొగ్గుల గ్రిల్లు లోపలికి తెచ్చాడు. "మనింట్లో పొయ్యి పక్కనే గదా పడుకునేది, మనకు కొత్తా?" అన్నాడు. అందరం సరే అన్నాం. గాలి రాకుండా కిటికీల సందుల్లో గుడ్డలు కుక్కాం. వెచ్చగా ఉంది. నిద్ర కమ్ముకొస్తోంది. ఉట్నూరు అన్నకి తల పగిలిపోతోందంట, వాంతొచ్చేట్టుందని లేచాడు. తలుపులు బార్లా తెరిచి మమ్మల్ని రెక్క పట్టుకుని బయటికి లాగాడు.

మన ఇళ్లలో పొగ పెంకుల సందుల్లోంచి, గడ్డి కప్పులోంచి పోతుంది. అక్కడి ఇల్లు డబ్బా మూత పెట్టినట్టు ఉంటుంది. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. ఆ తుఫాను తర్వాత అదే వాయువుతో కొందరు చనిపోయారని తర్వాత తెలిసింది. ఆ లెక్కలో మేమూ ఉండాల్సినోళ్లం.

ఈ సంగతి చాలా ఏళ్లు ఇంట్లో చెప్పలేదు. నిప్పుతో పుట్టి పెరిగినోళ్లం, నిప్పు దగ్గరే తప్పు చేశామని సిగ్గు.

7వ తేదీన మంచు కూడా పడింది. దుప్పట్లన్నీ ఒకచోట వేసుకుని నలుగురం ఒకే గదిలో పడుకున్నాం. మందులకి, సరుకులకి తప్ప కారు తీయలేదు, మిగతాదంతా నడకే. 13న సరి బేసి ఎత్తేశారు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, తుఫాను వస్తుందనగానే ట్యాంకు నింపుకోండి. ఇంట్లో మోనాక్సైడ్ అలారం ఉందో లేదో చూడండి. బొగ్గులు, జనరేటరు ఎంత చలైనా ఇంటి లోపల వద్దు. ఊరు నేర్పింది మర్చిపోకండి, కానీ ఏ కప్పు కింద ఉన్నారో ఒకసారి చూసుకోండి.