స్ప్రింగు ఎంత గట్టిదైతే అంత మంచిదా?

మన పత్రికలో వంటల గురించి, పండుగల గురించి, పిల్లల చదువుల గురించి చక్కగా రాసేవారు చాలామంది ఉన్నారు. నేను ఇంజను స్ప్రింగుల గురించి రాస్తానంటే మా ఇంటావిడ "ఎవరు చదువుతారండీ?" అని నవ్వింది. కానీ హోసూరులో ఏ వీధికి వెళ్ళినా బండ్ల ఫ్యాక్టరీతో సంబంధం ఉన్న ఇల్లు ఒకటైనా కనబడుతుంది. మన పిల్లల్లో చాలామంది చేతులకు గ్రీజు అంటినవాళ్ళే. అందుకే ధైర్యం చేస్తున్నాను.

నేను సిప్‌కాట్‌లోని ఒక కార్ఖానాలో తనిఖీ విభాగంలో ఇరవై ఏడేళ్ళు పనిచేసి రిటైరయ్యాను. మా అక్క కృష్ణగిరిలో ఉంటుంది. బావగారు పోయి ఆరేళ్ళయింది. ఆయన ఎంతో ముచ్చటగా చూసుకున్న ప్రీమియర్ పద్మిని కారు ఇప్పుడు మా మేనల్లుడి చేతిలో ఉంది. వాడు బెంగళూరులో ఉద్యోగం చేస్తూ హోసూరులో మా ఇంటి దగ్గరే అద్దెకుంటున్నాడు. పద్మినిని కొంచెం చురుకైన బండిగా మార్చాలని వాడి కోరిక. కార్బురేటరు మార్చాడు, వాల్వులను ఇంకా ఎత్తుగా తెరిచే క్యాము ఒకటి సంపాదించాడు. బండి రికార్డులోని వివరాలకు తేడా వచ్చే మార్పులను 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఒప్పుకోదు కాబట్టి ఇంజను సి.సి. మాత్రం ముట్టుకోవద్దన్నాను. 1089 సి.సి. అలాగే ఉంది.

ఇక మిగిలింది వాల్వు స్ప్రింగులు. వాడు ఒక కేటలాగు తెచ్చి, అందులో అన్నిటికన్నా గట్టి స్ప్రింగు మీద వేలు పెట్టి, "రేసు బండ్లకు వేసేది మామా. గట్టిదైతే మంచిదే కదా?" అన్నాడు.

అక్క మాత్రం నాకు ఫోను చేసి ఒకటే మాట చెప్పింది. "ఒరే తమ్ముడూ, వాడు ఏమైనా చేసుకోనీ. మీ బావ కారు ఇంటికి తన కాళ్ళ మీద తను రావాలి, లారీ ఎక్కి రాకూడదు." ఆ కారు తయారీ ఆగిపోయి చాలా ఏళ్ళయింది. హెడ్డో క్యామో పాడైతే సులువుగా దొరికే రోజులు కావివి. అందువల్ల నాకు ఇది ఆటగా అనిపించలేదు.

ముందుగా స్ప్రింగు పని ఏమిటో చెబుతాను. మన హోసూరులో 1980లో పుట్టి పల్లెపల్లెకూ పాకిన టీవీఎస్ 50 టూ స్ట్రోకు బండి. దానికి ఇలాంటి వాల్వులే లేవు, కనుక ఈ బెడద లేదు. ఫోర్ స్ట్రోకు ఇంజనుకు మాత్రం గాలి లోపలికి వచ్చే తలుపొకటి, పొగ బయటకు పోయే తలుపొకటి కావాలి. అవే వాల్వులు. తలుపు తెరిచేది క్యాము, మూసేది స్ప్రింగు. ఇంజను నిమిషానికి 6000 చుట్లు తిరుగుతుంటే ఒక్కో వాల్వు నిమిషానికి 3000 సార్లు, అంటే సెకనుకు 50 సార్లు తెరుచుకుని మూసుకోవాలి. స్ప్రింగుకు చాలినంత బలం లేకపోతే వాల్వు క్యామును అంటిపెట్టుకుని రాలేదు, గాలిలో తేలిపోతుంది. మూసుకోవలసిన వేళకు మూసుకోదు, సీటు మీద పడి ఎగురుతుంది. బలం తగ్గుతుంది, ఇంజను తడబడుతుంది. మరీ దురదృష్టమైతే పిస్టను వచ్చి వాల్వును కొడుతుంది.

పైగా పద్మినిది పాత పద్ధతి. క్యాము కింద ఉంటుంది, పొడవాటి పుష్‌రాడ్లు పైనున్న రాకర్లను ఎత్తుతాయి. ఈ సరంజామా బరువంతా స్ప్రింగే వెనక్కు తేవాలి. క్యాము హెడ్డులోనే ఉండే ఇంజన్లకు ఈ భారం తక్కువ. ఇంకో సంగతి, చుట్లు పెరిగే కొద్దీ స్ప్రింగు మీద పడే పని వర్గం లెక్కన పెరుగుతుంది. అదే క్యాముతో 5000 నుంచి 6000కు పోతే చుట్లు 20 శాతమే పెరిగాయి, కావలసిన బలం మాత్రం 44 శాతం పెరిగింది. అందుకని స్ప్రింగు కొనే ముందు అడగవలసిన మొదటి ప్రశ్న "ఏది గట్టిది?" అని కాదు. "ఈ ఇంజనును ఎన్ని చుట్ల దాకా తిప్పుతావు?" అని. మావాడు ఆలోచించి "6000 మించను మామా" అన్నాడు.

తర్వాత కొలతలు. మా వీధి చివర లేతు షెడ్డులో డ్రిల్లింగు మిషను కింద, మా ఇంట్లో మనుషుల బరువు చూసుకునే మిషను పెట్టి, దాని మీద స్ప్రింగు నిలబెట్టి నొక్కాము. ఎంత నొక్కితే ఎన్ని కిలోలో రాసుకున్నాము. తేలికగా అర్థం కావడానికి గుండు అంకెలు చెబుతాను. ఏ బండి కొలతలు ఆ బండివే, వీటిని పట్టుకుని ఎవరూ షాపుకు పోవద్దు.

వాల్వు మూసి ఉన్నప్పుడు స్ప్రింగు ఎత్తు 38 మి.మీ. అనుకుందాం. పాత స్ప్రింగు ఆ ఎత్తులో 25 కిలోలు నొక్కుతుంది, తర్వాత ప్రతి మి.మీ.కు రెండున్నర కిలోలు పెరుగుతుంది. పాత క్యాము 9 మి.మీ. తెరుస్తుంది కనుక పూర్తిగా తెరిచినప్పుడు 47.5 కిలోలు. కొత్త క్యాము తెరిచేది 10 మి.మీ. మధ్యరకం స్ప్రింగు మూసినప్పుడు 30 కిలోలు, మి.మీ.కు 3 కిలోలు, తెరిచినప్పుడు 60 కిలోలు. మావాడు వేలు పెట్టిన స్ప్రింగు మూసినప్పుడే 45 కిలోలు, తెరిచేసరికి 95.

"చూశావా మామా, 95!" అని వాడు సంబరపడ్డాడు. అప్పుడు వెర్నియరు వాడి చేతికిచ్చి, ఆ స్ప్రింగును చుట్టకు చుట్ట ఆనేదాకా నొక్కి కొలవమన్నాను. 27.5 మి.మీ. వచ్చింది. వాల్వు పూర్తిగా తెరిచినప్పుడు మిగిలే ఎత్తు 28. అంటే మధ్యన ఉన్న జాగా అర మి.మీ. మాత్రమే. మామూలుగా ఒకటిన్నర మి.మీ. దాకా ఉంచుతారు. చుట్టలు ఆనుకుంటే అది ఇక స్ప్రింగు కాదు, ఇనుప గొట్టం. పుష్‌రాడ్డు వంగుతుంది, రాకరు విరుగుతుంది. మధ్యరకం దానికి 26 వచ్చింది, జాగా 2 మి.మీ. వాడు నా ముఖం చూడలేదు, మళ్ళీ ఒకసారి కొలిచాడు. నేను చెప్పిన పది మాటలకన్నా ఆ ఒక్క కొలత బాగా పనిచేసింది.

అయినా వాడికి ఒక సందేహం మిగిలింది. "మరి రేసు వాళ్ళు గట్టివి వేస్తారెందుకు?" మంచి ప్రశ్నే. ఒకప్పుడు మద్రాసు దగ్గర షోళవరంలో పాత విమానాల రన్‌వే మీద ఈ ఫియట్లే పరుగెత్తేవి. 1990లో ఇరుంగాట్టుకోట్టై ట్రాకు వచ్చింది. రేసు ఇంజను ఎప్పుడూ ఎక్కువ చుట్లలోనే ఉంటుంది, పందెం అయ్యాక విప్పి చూస్తారు. మన కోయంబత్తూరు కుర్రాడు నారాయణ్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్‌లో నడిపిన కార్ల ఇంజన్లు 18 వేల చుట్లు దాటేవి. అంత వేగానికి ఏ ఉక్కు స్ప్రింగూ చాలదు. 1986లో రెనో వాళ్ళు మొదలుపెట్టిన పద్ధతిలో ఒత్తిడితో నింపిన వాయువే అక్కడ వాల్వులను మూస్తుంది.

మావాడి కారు తిరిగేది ఎక్కడ? అత్తిబెలె దగ్గర, చందాపుర దగ్గర, సిగ్నళ్ళలో, లారీల వెనకాల. ఇక్కడే చాలామందికి తెలియని కిటుకు ఉంది. ఇంజను వేగంగా తిరిగేటప్పుడు వాల్వు బరువు తన ఊపుతో పైకి లాగుతూ, క్యాము కొన మీద స్ప్రింగు వేసే భారాన్ని కొంత తగ్గిస్తుంది. నెమ్మదిగా తిరిగేటప్పుడు ఆ ఊపు ఉండదు. స్ప్రింగు భారమంతా క్యాము కొన మీద, టాపెట్ మీద పడుతుంది. పైగా అప్పుడు నూనె పొర కూడా పలచగానే ఉంటుంది. అంటే గట్టి స్ప్రింగు క్యామును అరగదీసేది రేసులో కాదు, ట్రాఫిక్కులో నిలబడినప్పుడు! ఇంటి బండికి రేసు స్ప్రింగు వేయడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే. ఆ అస్త్రం తిరిగి మన క్యాముకే తగులుతుంది.

మధ్యరకమే వేశాము. వేసేటప్పుడు 8 వాల్వుల ఎత్తూ విడివిడిగా కొలిచాము. సీట్లు కోసి గ్రైండింగు చేసిన హెడ్డులో వాల్వు కొంచెం లోపలికి దిగుతుంది, దానితో స్ప్రింగు ఎత్తు పెరిగి బలం తగ్గుతుంది. అలాంటి చోట్ల స్ప్రింగు కింద పలచని షిమ్ములు వేసి అన్నిటినీ ఒక ఎత్తుకు తెచ్చాము. కొత్త క్యాము కనుక మొదటిసారి స్టార్టు చేయగానే ఐడిలింగులో వదలకుండా 2000 చుట్ల దగ్గర ఇరవై నిమిషాలు నడిపాము. తర్వాత వాడు శూలగిరి మీదుగా కృష్ణగిరికి వెళ్ళాడు. వారం తర్వాత వాల్వు కవరు విప్పి చూస్తే అన్నీ సక్రమంగా ఉన్నాయి. అక్క ఫోను చేసి "బండి శబ్దం మారిందిరా, మీ బావకు నచ్చేది కాదు" అంది. ఒక క్షణం ఆగి "కానీ ఎక్కాను" అంది.

మన ఇళ్ళలో బండ్ల మీద మనసు పడ్డ పిల్లలు చాలామంది ఉన్నారు. వద్దని తిడితే మనకు తెలియకుండా చేస్తారు. దగ్గర కూర్చుని మూడు ప్రశ్నలు అడగండి. ఎన్ని చుట్ల దాకా తిప్పుతావు? వాల్వు ఎంత తెరుచుకుంటుంది? పూర్తిగా తెరిచాక చుట్టల మధ్య ఎంత జాగా మిగులుతుంది? ఈ మూడింటికీ జవాబు చెప్పగలిగినవాడు మితంగా ఉండే స్ప్రింగునే కొంటాడు. వాల్వును వేళకు ఇంటికి చేర్చేటంత బలం ఉంటే చాలు. అంతకు మించినది అరగదీయడానికే పనికొస్తుంది.