బాపు, చిన్నాయన, ఒక గోల్డ్‌వాటర్

యాచారంలో మా ఇంట్లో రిమోట్ ఎవరి చేతిలో ఉంటే వాళ్ల పార్టీదే నిజం. 2015లో ఓటుకు నోటు కేసు వచ్చినప్పుడు బాపు "చూసినవా?" అన్నడు. అప్పుడు పసుపు కండువాలో ఉన్న చిన్నాయన "అంతా కుట్ర" అన్నడు. 2024లో ఫోన్ ట్యాపింగ్ కేసు రాగానే మాటలు అవే, నోళ్లు మారినయ్. ఆ రాత్రి బాపు అన్నం ముందు నుంచి లేచిపోయిండు. అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు.

మొన్న వాటర్‌గేట్ గురించి చదివాను. అదీ ట్యాపింగ్ గొడవే. 1972లో డెమొక్రాట్ల ఆఫీసులో దొంగతనంగా దూరి దొరికారు. 1974 ఆగస్టు 7న బ్యారీ గోల్డ్‌వాటర్ మరో ఇద్దరితో కలిసి వైట్‌హౌస్‌కి వెళ్లాడు. రిపబ్లికనే, పక్కా సంప్రదాయవాది. సెనేట్‌లో మీకు ఓట్లు లేవని సొంత అధ్యక్షుడు నిక్సన్‌కే చెప్పాడు. రెండు రోజులకి నిక్సన్ దిగిపోయాడు. గోల్డ్‌వాటర్ ధర్మం కోసమే వెళ్లాడని అనను, లెక్కలు వేసుకునే వెళ్లి ఉంటాడు. అయినా వెళ్లాడు కదా! (నేను మాత్రం చిన్నాయన పంపే వీడియోలు నిజమో కాదో చూడకుండానే ఫార్వర్డ్ చేస్తాను.)

ఆదివారం ఇద్దరికీ ఈ కథ చెప్పాను. ఇద్దరూ ఒకేసారి అన్నారు: "అట్లాంటోడు వాళ్ల పార్టీల ఒక్కడన్న ఉన్నడా?"

నాయనమ్మ నవ్వి, ఇద్దరికీ ఒకే పళ్లెంలో మక్కజొన్న కంకులు పెట్టింది.