50 పెన్నీల మూకుడు

మొన్న శనివారం మా ఊరి హాల్లో పాత సామాన్ల అమ్మకం జరిగింది. మా ఊరంటే పల్నాటి నడికుడి కాదు, ఇంగ్లండులో డెవన్ వైపు మేముంటున్న చిన్న పల్లె. ఏడాదికోసారి అందరూ అటకలూ బీరువాలూ దులిపి, ఇంకా పనికొచ్చేవన్నీ తెచ్చి హాల్లో బల్లల మీద పరుస్తారు. జంబుల్ సేల్ అంటారు. ఒక బల్ల దగ్గర మా పక్కింటి పెద్దావిడ నిలబడింది. వేసవంతా గోడ మీదుగా టమాటాలు అందించిన మనిషి. ఆవిడ అమ్మకానికి ఇచ్చిన ఇనప మూకుడే నాకు నచ్చింది. చేతిలోకి తీసుకుంటే, అడుగున అంటించిన వెల కాగితం చూసి ఆవిడ 50 పెన్నీలు తీసుకుంది.

మనసు చివుక్కుమంది. టమాటాలకు లేని వెల మూకుడుకెందుకు? పిల్లల బూట్లకో కాగితం, సగం అల్లిన స్వెట్టరుకో కాగితం, మూత లేని టీ కెటిలుకో కాగితం. డబ్బు ఆవిడ సంచిలోకి పోలేదు, హాలు పైకప్పు బాగుకోసం పెట్టిన డబ్బాలో పడింది. అది తెలిసినా బాధ తగ్గలేదు. ఇరుగుపొరుగు మధ్య కాగితమేంటి?

తర్వాత అందరికీ టీ, కేకులు. ట్రాక్టరు తోలే ఆయనా, డాక్టరుగారూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. చూడ్డానికి ముచ్చటేసింది. కానీ కారెంపూడి వీరుల ఉత్సవాల్లో బ్రహ్మనాయుడి పేరున చాపకూడు తినే సీమ మాది. ఒకే బంతిన కూర్చోవడం మాకెవరూ నేర్పక్కర్లేదు.

నాకు మింగుడు పడనిది ఆ వెల కాగితమే. మా చిన్నప్పుడు నడికుడిలో పెళ్లి కుదిరితే ముందు గుండిగల లెక్క చూసేవాళ్లు. ఎవరింట్లో పెద్ద గంగాళం ఉంది, ఎవరి దగ్గర చిల్లుల గరిటె ఉంది, అందరికీ తెలుసు. మాచర్ల బండి దిగి చుట్టాలొచ్చేసరికి వీధివీధి ఇత్తడంతా ఆ ఇంటి పెరట్లో చేరేది. కలిసిపోకుండా ప్రతిదాని మెడ మీదా చుక్కలు చుక్కలుగా పేరు కొట్టించి ఉండేది. మా గుండిగ మీద అమ్మమ్మ పేరు. చీకట్లో వేలితో తడిమినా తెలిసేది. తిరిగిచ్చేటప్పుడు ఖాళీగా పంపేవాళ్లు కాదు, అడుగున నాలుగు లడ్లయినా ఉండేవి. వెల మాట ఎవరి నోటా వచ్చేది కాదు.

పోయిన సంక్రాంతికి ఇంటికెళ్తే ఆ గుండిగ లేదు. పాత ఇత్తడి కొంటామని మైకు పెట్టుకుని తిరిగే ఆటోవాడికి అమ్మ కిలోల లెక్కన వేసేసింది. “ఎవరడుగుతున్నారమ్మాయ్? పెళ్లిళ్లన్నీ సప్లయర్స్ గిన్నెలతోనే అయిపోతున్నాయిగా” అంది. అమ్మమ్మ పేరు కూడా తూకంలో పోయింది.

ఇక్కడి హాలు గోడ మీదా పేర్లున్నాయి. 1914–18 యుద్ధానికి వెళ్లి తిరిగిరాని ఈ ఊరి కుర్రాళ్లవి. ఇంగ్లండులో ఊరి హాళ్లు పదివేలకు పైనే. ఆ యుద్ధంలో పోయినవాళ్ల జ్ఞాపకంగా కట్టినవి చాలా. వాటిని ఊరివాళ్లే నడుపుకుంటారు. నేనిచ్చిన 50 పెన్నీలు ఆ పేర్ల మీద వాన పడకుండా చూసే కప్పుకే పోయాయి. మా గుండిగ డబ్బు ఏ ఖర్చులో కలిసిపోయిందో అమ్మకే గుర్తులేదు.

మీ అటక మీద పేరు కొట్టిన గుండిగ ఇంకా ఉంటే తూకానికి వేయకండి. కళాయి పెట్టించి మీ ఊరి రామాలయానికి ఇవ్వండి. శ్రీరామనవమికి పానకం కలపడానికి పనికొస్తుంది.