తప్పు చెవిదా... స్పీకరుదా?

పాట వినిపిస్తుంది. ఫైటు వినిపిస్తుంది. హీరో ఒక్క గుద్దు గుద్దితే విలన్ వెళ్లి అరటిగెలల బండి మీద పడ్డ చప్పుడూ వినిపిస్తుంది. హీరో ఏమన్నాడో మాత్రం వినిపించదు!

తెనాలిలో ఓ విశ్రాంత టెలిఫోన్ ఉద్యోగి ఇంట్లో రెండున్నరేళ్లపాటు ఇదే గోల. కంప్యూటర్ స్పీకర్లలో సౌండు తక్కువగా వస్తోందని ఆయన. కంప్యూటర్‌కేం కాలేదు, మీ చెవులకే వయసొచ్చిందని ఇంట్లోవాళ్లు. మామూలుగా అయితే ఇలాంటి వాదనలు నవ్వుకుని వదిలేసేవే. కానీ ఆ చెవులు సామాన్యమైనవి కావు. ఆయనకు 34 ఏళ్లు అన్నం పెట్టినవి.

సెల్‌ఫోన్లు రాకముందు ఊళ్లో ఫోన్ పనిచేయకపోతే ఆయన కోసం కబురొచ్చేది. ఎక్స్ఛేంజీ నుంచి బయల్దేరిన తీగ పిల్లర్ దాకా, అక్కణ్నుంచి స్తంభం మీది డీపీ బాక్సు దాకా, అక్కణ్నుంచి ఇంట్లోకి... దారిలో ఎక్కడ తేడా వచ్చిందో కనిపెట్టాలి. చేతిలో ఉండే పరీక్ష ఫోనును తీగకు తగిలించి చెవి దగ్గర పెట్టుకుంటే చాలు, వచ్చే చప్పుడును బట్టి సంగతి చెప్పేసేవారు. ఇది అతుకులోకి నీళ్లు దిగిన బరబర. ఇది పక్క లైనువాళ్ల మాటలు కలుస్తున్న రొద. ఇది కరెంటు తీగ దగ్గరగా వెళ్తున్న హమ్. చూసి కాదు, విని చెప్పడం ఆయన విద్య. అలాంటి మనిషిని పట్టుకుని 'మీకు వినపడటం లేదు' అంటే ఎలా ఉంటుంది?

ఇంతకీ ఆ కంప్యూటర్ కథేమిటంటే... 2012లో ఆయన రిటైరైనప్పుడు కొడుకు ఇచ్చిన కానుక అది. షోరూములో కొన్నది కాదు, అసెంబుల్డ్ సిస్టమ్. తండ్రీకొడుకులిద్దరూ సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు, అదేలెండి, అందరూ సీటీసీ అనేదానికి వెళ్లి ఒక షాపులో బోర్డు, ఇంకో షాపులో క్యాబినెట్, మూడో షాపులో హార్డ్‌డిస్కు బేరమాడి తెచ్చారు. ఇంటికొచ్చాక ఒక రాత్రంతా కూర్చుని బిగించుకున్నారు. స్క్రూడ్రైవర్ పట్టుకోవడం రిటైరయ్యాక మళ్లీ అదే మొదటిసారి కావడంతో పెద్దాయన భలే హుషారుగా ఉన్నారట. వాటితోపాటే 5.1 స్పీకర్ల సెట్టు. అయిదు చిన్న పెట్టెలు, వాటికి పెద్దన్నలాంటి ఊఫర్ పెట్టె ఒకటి. గది నాలుగు మూలలకూ, మానిటర్ కిందా వాటిని అమర్చి, వైర్లను గోడవారన మేకులు కొట్టి నడిపించింది ఆయనే. ఆకుపచ్చ, నలుపు, నారింజ రంగు జాక్‌లను క్యాబినెట్ వెనకాల అవే రంగుల రంధ్రాల్లో గుచ్చడం ఆయనకో లెక్కా! వేలాది తీగల మధ్య పనిచేసి వచ్చిన చెయ్యి అది.

ఏడేళ్లు బ్రహ్మాండంగా నడిచింది. 2019 వేసవిలో ఓ సాయంత్రం ఈదురుగాలికి కరెంటు పోయి, వచ్చి, మళ్లీ పోయింది. ఆ దెబ్బకి ఊఫర్ పెట్టె మూగబోయింది. ఇలాంటి సెట్లలో మిగతా స్పీకర్లకు శక్తినిచ్చే యాంప్లిఫయర్ ఆ పెట్టెలోనే ఉంటుంది. అది పోతే అన్నీ పోయినట్టే. బాగుచేయించే ఖర్చుకు కొత్తవే వస్తాయన్నారు. ఆయన బజారుకెళ్లి రెండు చిన్న స్పీకర్లు తెచ్చి ఆకుపచ్చ రంధ్రంలో జాక్ పెట్టేశారు. పాట పెట్టి చూస్తే ఖంగుమంది. ఆ పూటకి సంతోషం.

చిక్కల్లా సాయంత్రాల్లో వచ్చింది. ఇంట్లో టీవీ మీద ఆరు నుంచి పది దాకా ఆయనకు హక్కు లేదు, సీరియళ్లుంటాయి. అందుకని కొడుకు ఏనాడో కొనిపెట్టిన డీవీడీలను కంప్యూటర్లో వేసుకుంటారు. సంగీతం గది నిండా పరుచుకుంటుంది. పాత్రలు నోరు తెరిస్తే మాత్రం మాటలు బావిలోంచి వచ్చినట్టుంటాయి. మాటల కోసం సౌండు పెంచితే, వెంటనే వచ్చే పాటకి కిటికీ రెక్కలు అదురుతాయి. 'ఏమండీ, వీధి చివర్దాకా వినపడుతోంది!' అని వంటింట్లోంచి కేక. తగ్గిస్తే మళ్లీ మూగనోము. చిత్రమేమిటంటే, పాత నలుపు తెలుపు 'మాయాబజార్' వీసీడీ వేస్తే ప్రతి అక్షరమూ స్పష్టంగా వినిపించేది. దాంతో ఆయన ఓ సిద్ధాంతం తయారుచేసుకున్నారు. ఆ రోజుల్లో నటులు నోరారా మాట్లాడేవారు, ఇప్పటివాళ్లు గొణుగుతున్నారు... అంతే!

ఇంట్లోవాళ్లు ఆ సిద్ధాంతాన్ని ఒప్పుకోలేదు. వాళ్ల దగ్గర వేరే సాక్ష్యం ఉంది. 2021లో జ్వరం వచ్చినప్పుడు ఆయన థర్మామీటర్ నోట్లో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయారు. అది బీప్‌మని మోగిన సంగతి భార్య చెబితేగానీ తెలియలేదు. ఆ మాట ఫోన్లో హైదరాబాద్ చేరింది. కొడుకు ఎక్కడో చదివాడు కూడా. వయసు మీదపడే కొద్దీ ముందు పోయేది సన్నటి, హెచ్చు శ్రుతి శబ్దాలు వినే శక్తి. స, శ, త లాంటి హల్లుల గుర్తులన్నీ ఆ పైశ్రుతిలోనే ఉంటాయి. అచ్చులు కింది శ్రుతిలో ఉంటాయి. అందుకే పెద్దవాళ్లకు మాట 'వినపడుతుంది కానీ అర్థం కాదు'. నాన్న చెప్పేదీ అదేగా! రోగం, లక్షణం అచ్చుగుద్దినట్టు సరిపోయాయి. దసరాకి వచ్చినప్పుడు చెవి డాక్టర్ దగ్గరికి వెళ్దామన్నాడు. ఆయన మాట దాటవేశారు.

అక్కణ్నుంచి ఇంటి తీరే మారిపోయింది. కోడలు ఏదైనా చెప్పాలంటే అత్తగారితో 'మామయ్యగారికి కాస్త చెప్పండి' అనడం మొదలుపెట్టింది. అందరూ ఆయనతో గొంతు పెంచి, ముక్కలు ముక్కలుగా మాట్లాడేవారు. పొలం కౌలు సంగతి ఆయన పక్కనే కూర్చుని ఉండగా కొడుకూ తల్లీ మాట్లాడేసుకున్నారు. ప్రేమతోనే లెండి. కానీ ప్రేమతో పక్కన పెట్టినా పక్కన పెట్టడమే కదా!

మొదట్లో కొడుకు కంప్యూటర్ని కూడా అనుమానించకపోలేదు. ఫోన్లోనే ఒక్కోటీ చెప్పి చేయించాడు. స్పీకర్ మీది గుండీ చివరిదాకా తిప్పారు. తెర కింద మూలనున్న స్పీకర్ బొమ్మ మీద కుడి క్లిక్ కొట్టి వాల్యూమ్ మిక్సర్ తెరిచారు. అందులో ఒక్కో ప్రోగ్రాముకీ విడివిడిగా సౌండు ఉంటుంది, మొత్తం వందలో ఉన్నా ఒక్కటి ఇరవైలో చిక్కుకుపోవచ్చు. ఇక్కడ అన్నీ వందలోనే ఉన్నాయి. కమ్యూనికేషన్స్ అనే ట్యాబ్ చూశారు. కంప్యూటర్లో ఎవరితోనైనా మాట్లాడుతుంటే మిగతా శబ్దాలన్నిటినీ దానంతటదే 80 శాతం తగ్గించేసే ఏర్పాటు విండోస్‌లో ఉంటుంది. చాలామందికి సౌండు ఉన్నట్టుండి పడిపోవడానికి కారణం అదే. దాన్ని 'ఏమీ చేయొద్దు' అని మార్చారు. ఫలితం సున్నా. సినిమా ప్లేయర్లో సౌండును వంద దాటించి 125కి తీసుకెళ్తే పాటలు చిరిగిన గుడ్డలా బరబరలాడాయి. మాటలు అక్కడే ఉన్నాయి. వచ్చినప్పుడల్లా కొడుకు ఓ పాట పెట్టి చూసేవాడు. 'బాగానే వస్తోందిగా నాన్నా!' అనేవాడు.

ఇక ఆయన తన పద్ధతిలోకి దిగారు. లైన్ పోతే మొత్తం తవ్వరు, మధ్యలో తెంచి ఏ సగంలో తప్పుందో చూస్తారు. స్పీకర్ల జాక్ పీకి సెల్‌ఫోన్‌కు పెట్టి పాట విన్నారు. బాగుంది. అంటే స్పీకర్లు మంచివే. వాటి స్థానంలో ఇయర్‌ఫోన్ పెట్టి సినిమా చూశారు. అదే గొణుగుడు. అంటే తప్పు ఆకుపచ్చ రంధ్రానికి అవతల, కంప్యూటర్ వైపు ఉండాలి. లేదా...

ఆ 'లేదా' దగ్గరే ఆయన ఆగిపోయారు. స్పీకర్లు మారాయి, వైరు మారింది. అన్ని పరీక్షల్లోనూ మారకుండా ఉన్నది ఒక్కటే, వింటున్న చెవి. దాన్ని పీకి ఇంకోటి పెట్టి చూడలేరుగా! కొన్నాళ్లపాటు రాత్రిళ్లు పడుకునే ముందు చేతి గడియారాన్ని చెవికి ఆనించుకుని టిక్కుటిక్కు వినపడుతోందా అని చూసుకునేవారని ఆయన భార్యకు తెలుసు. తెలిసినట్టు ఆవిడ ఎప్పుడూ బయటపడలేదు.

ఇంకో చెవి 2022 సంక్రాంతికి హైదరాబాద్ నుంచి వచ్చింది. మనవరాలు. నాలుగో తరగతి. భోగి మర్నాడు మధ్యాహ్నం అందరూ పిండివంటల మత్తులో కునుకు తీస్తుంటే, తాతయ్య ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని డీవీడీ పెట్టారు.

'అమ్మలూ, వాడేమంటున్నాడో చెప్పు.'

పిల్ల కాసేపు విని, స్పీకర్ దగ్గరకు జరిగి, మళ్లీ విని... 'ఏమో తాతయ్యా, గొణుగుతున్నాడు' అంది.

ఆయన మూడుసార్లు వెనక్కి తిప్పి అడిగారు. మూడుసార్లూ అదే జవాబు. తొమ్మిదేళ్ల పిల్ల చెవులకు వయసు రాలేదు కదా! ఆయన కళ్లద్దాలు తుడుచుకుని సౌండ్ విండో తెరిచారు. కొడుకు చెప్పినవన్నీ మళ్లీ మొదటి నుంచి చూస్తుంటే, పిల్ల చెయ్యి ఊరుకోక 'కన్ఫిగర్' అన్న మీట నొక్కింది. గదిలో స్పీకర్లు కొలువుతీరిన బొమ్మ ఒకటి వచ్చింది.

'తాతయ్యా, ఇందులో ఆరున్నాయి. మన దగ్గర రెండేగా!'

అదీ సంగతి. బొమ్మలో ఒక్కో స్పీకర్ మీద నొక్కితే అందులోంచి చిన్న గంట మోగుతుంది. ఎడమది నొక్కారు, మోగింది. కుడిది మోగింది. మధ్యలోది నొక్కితే నిశ్శబ్దం. ఏ రంధ్రంలోంచి ఆ గంట బయటకు రావాలో దాన్లో 2019 నుంచీ ఏ తీగా లేదు.

5.1 అంటే ముందు ఎడమ, మధ్య, కుడి, వెనక రెండు, అడుగు శ్రుతికి ఊఫర్. ఈ రకం శబ్దంలో సంగీతం, హోరు అటూ ఇటూ పంచుకుంటాయి. మాటలు మాత్రం దాదాపుగా మధ్య స్పీకర్‌కే వెళ్తాయి, తెర మీది మనిషి నోట్లోంచే వచ్చినట్టు ఉండాలని. 1992లో డాల్బీ డిజిటల్ థియేటర్లలోకి వచ్చినప్పటి నుంచీ, తర్వాత డీవీడీల్లోనూ ఇదే ఏర్పాటు. రెండే స్పీకర్లున్నాయని చెబితే ప్లేయర్ ఆ మాటల్ని రెండింటిలోనూ సమానంగా కలిపి ఇస్తుంది. చెప్పకపోతే? ఊఫర్ కాలిపోయినా, అయిదు పెట్టెలూ అటకెక్కినా కంప్యూటర్ దృష్టిలో ఆ గదిలో ఇంకా ఆరు స్పీకర్లున్నాయి. అది నమ్మకంగా డైలాగులన్నిటినీ లేని స్పీకర్‌కి పంపిస్తూనే ఉంది. మామూలు పాటల్లో, పాత వీసీడీల్లో ఉండేవి రెండే చానళ్లు, కాబట్టి వాటికి ఏ లోటూ రాలేదు. కొడుకు పరీక్షించిందేమో ఎప్పుడూ పాటలతోనే!

జాబితాలో పైనున్న 'స్టీరియో' ఎంచుకుని, నెక్స్ట్, నెక్స్ట్, ఫినిష్. ప్లేయర్ మూసి తెరిచారు. హీరో గొంతు గదిలో ఖంగుమంది. నిద్రపోతున్న కొడుకు ఎవరో ఇంట్లోకి వచ్చారనుకుని లేచి వచ్చాడు. విషయం విని తల గోక్కుంటూ 'బిగించింది నేనే. నేనే చూసుండాల్సింది' అన్నాడు. అంతకు మించి ఎవరూ ఏమీ అనలేదు. ఆ సాయంత్రం కాఫీ ఇస్తూ కోడలు 'మామయ్యగారూ, పంచదార సరిపోయిందా?' అని మామూలు గొంతుతో నేరుగా ఆయన్నే అడిగింది.

ఇదే బొమ్మ కొత్త విండోస్‌లలోనూ ఉంది, కాకపోతే కంట్రోల్ ప్యానెల్‌లో సౌండ్ అన్నచోట, ప్లేబ్యాక్ కింద కాస్త వెతుక్కోవాలి. స్పీకర్లు మార్చినవాళ్లు ఒక్కసారి చూసుకోవడం మంచిది.

పండగ వెళ్లిన మరుసటి నెలలో ఆయన ఎవరూ చెప్పకుండానే గుంటూరు వెళ్లి చెవి పరీక్ష చేయించుకున్నారు. అద్దాల గదిలో కూర్చోబెట్టి 250 నుంచి 8000 హెర్ట్జ్ దాకా ఒక్కో శ్రుతీ వినిపించి గీత గీసిచ్చారు. మాట సాగే మేర గీత బాగానే ఉంది. 4000 దాటాక రెండు చెవులకీ కిందికి దిగింది. 'మా టెలిఫోన్ లైన్లు మోసేది 300 నుంచి 3400 దాకానే. ఆ మేరకు నాకేం లోటు లేదన్నమాట' అన్నారట డాక్టర్‌తో. ఇప్పట్లో మిషన్ అక్కర్లేదు, ఏడాదికోసారి వచ్చి చూపించుకోండి చాలన్నారు ఆయన.

ఆ కాగితాన్ని కొడుక్కి చూపించారు. దాచలేదు. థర్మామీటర్ బీప్ ఇప్పటికీ వినపడదు. జ్వరం చూసుకోవాల్సి వస్తే గడియారం పెట్టుకుని కూర్చుంటారు. మనవరాలు ఉంటే ఆ పిల్లే చెబుతుంది... 'మోగింది తాతయ్యా, తియ్యి' అని.