ఒంటి మీద చాక్లెట్

వంటింటి వాసనతో గడప దాటాలంటే మనకు మొహమాటం. ఇంగువ తాలింపు పెట్టిన చీరతో పేరంటానికి వెళ్లం. చేపల పులుసు కలిపిన చేతికి సబ్బు చాలక నిమ్మచెక్క కూడా రుద్దుతాం. ఒంటికి పరిమళమంటే గంధం, తలకు మల్లెలు, షోకు ఎక్కువైతే అత్తరు. తినే వస్తువు వాసన పూసుకోవడమనేది మన పెద్దవాళ్ల లెక్కలోనే లేదు. అలాంటిది ఇప్పుడు డబ్బులిచ్చి మరీ చాక్లెట్ సెంటు కొనుక్కుంటున్నాం. నేనూ కొనుక్కున్నాను. ఎందుకు కొన్నట్టా అని, రాసుకున్నప్పుడల్లా కాసేపు ఆలోచనలో పడతాను.

తినుబండారాల వాసనతో వచ్చే ఈ సెంట్లను గూర్మాండ్ అంటారు. 1992లో థియరీ మ్యూగ్లర్ పేరుతో వచ్చిన ‘ఏంజెల్’ ఈ వరసకు పెద్దక్క. నక్షత్రం ఆకారంలో నీలి సీసా. అందులో ఇథైల్ మాల్టాల్ అనే పదార్థం దండిగా పడింది. తిరునాళ్లలో పీచుమిఠాయి బండి పక్కన నిలబడితే వచ్చేది ఆ వాసనే. అదొక్కటే ఉంటే పిల్లల సరదాగా మిగిలిపోయేది. దాన్ని తయారుచేసిన ఒలివియే క్రెస్ప్ ఆ తీపి కింద పచౌలీని బరువుగా పరిచాడు. 19వ శతాబ్దంలో మన దేశం నుంచి యూరప్ వెళ్లే శాలువాలకు పురుగు పట్టకుండా మడతల్లో పెట్టిన ఆకు అది. తడిమట్టి, పాత చెక్కపెట్టె కలిసిన వాసన. ఆ మట్టివాసన ఆసరాతోనే పంచదార వాసన పెద్దవాళ్ల ఒంటికి ఎక్కింది.

అసలు చాక్లెట్ వాసనలో తీపి ఎక్కడుంది? గోదావరి జిల్లాల్లో కొబ్బరి చెట్ల నీడన కోకో వేస్తారు. కాయ పగలగొడితే తెల్లటి జిగురు గుజ్జులో గింజలుంటాయి. చాక్లెట్ జాడ కూడా తగలదు. కుప్ప పోసి పులియబెడితే ముందు కల్లు వాసన, ఆ తర్వాత ముక్కు అదిరే పులుపు. ఎండబెట్టి, వేయించాక గానీ మనకు తెలిసిన వాసన బయటపడదు. ఆ వేయించిన గింజ కొరికితే కటిక చేదు. తీపంతా తర్వాత కలిపే పంచదారదే. ముక్కుకు తీపి తెలియదు, నాలుక నేర్పిన పాఠాన్ని అప్పజెబుతుందంతే. చక్రపొంగలి తిని పెరిగిన మనకు పచ్చకర్పూరం తియ్యగా తోస్తుంది. దాని రుచి ఎరగనివాళ్లకు అదే వాసన నొప్పుల మందు. చాక్లెట్ సెంటు రాసుకోవడమంటే నాలుక దాచుకున్న జ్ఞాపకాన్ని చర్మానికి పూయడమన్నమాట.

అందుకే దీన్ని ఎంచుకోవడంలో తొందర పనికిరాదు. దుకాణంలో అట్టముక్క మీద కొట్టి చేతికిస్తారు. ఆ మొదటి పావుగంటలో ప్రతి సీసా ఘుమఘుమలాడుతుంది. తేలికైన వాసనలు ముందు ఎగిరిపోతాయి. వెనిలా వాసననిచ్చే వెనిలిన్, పచౌలీ లాంటివి గంటల తరబడి కూర్చుంటాయి. మనం నిజంగా కొనేది సాయంత్రానికి మిగిలేదాన్ని. నేను ఒక సెంటు ఒక మణికట్టుకు, ఇంకోటి రెండోదానికి కొట్టించుకుని ఇంటికొచ్చేశాను. మధ్యాహ్నానికి ఎడమ చెయ్యి ఇంకా మిఠాయి కొట్టులోనే ఉంది. అన్నం ముందు కూర్చుంటే వెగటు పుట్టింది. కుడిచేతి మీద తీపి పలచబడి, కోకో పొడి డబ్బా మూత తీసినప్పటి పొడిపొడి చేదు మిగిలింది. మళ్లీ మళ్లీ ముక్కు దగ్గర పెట్టుకోబుద్ధేసింది. అదే కొన్నాను.

వేసుకోవడానికీ ఒక పద్ధతి ఉంది. మన వేసవికి ఇది పడదు. ఎండకు వాసన ఒక్కసారిగా లేచి, చెమటతో కలిసి పాకం ముదిరినట్టవుతుంది. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా, అదీ సాయంత్రాలు, దీనికి మంచికాలం. తెల్లబట్టల మీద కొట్టకూడదు. వెనిలిన్ ఎక్కువున్న సెంటు గోధుమరంగు మరక పెడుతుంది. అన్నిటికన్నా పెద్ద మోసం మన ముక్కు చేసేదే. కాసేపటికి అది అలవాటుపడి, వాసన పోయిందని నమ్మిస్తుంది. పోలేదు, మనకే తెలియడం లేదు. అది నమ్మి మళ్లీ కొట్టుకుంటే, లిఫ్టులో పక్కన నిలబడ్డవాళ్లకు శిక్ష.

ఇంగువను కడుక్కుని చాక్లెట్‌ను పూసుకోవడంలో అన్యాయం ఉందేమో అనిపిస్తుంది. ఒకటి మనం చేసిన చాకిరీని చెబుతుంది, ఇంకోటి మనం చేసుకున్న విలాసాన్ని. దాచుకునేదేదో, చాటుకునేదేదో దాన్ని బట్టే తేలిపోతోంది. అయినా నా సీసాను వదులుకోను. ‘చాక్లెట్ తిన్నావా?’ అని ఎవరైనా అడిగితే ఎక్కువ కొట్టుకున్నానని అర్థం. ‘ఏదో బాగుందే, ఏమిటది?’ అని అడిగితే సరిపోయిందని. ఆ రెండో ప్రశ్న అడిగించేది తీపి కాదు, దాని అడుగున పెట్టిన చేదు.