నాలుగో బెజ్జం

నాలిక పైకెత్తి అద్దంలో చూసుకుంటే కింద మధ్యలో సన్నటి పొర ఒకటి కనిపిస్తుంది, నాలికని నోటి అడుక్కి కట్టేసిన తాడులా. పోయినేడు దానికి రింగు పెట్టించుకున్నాను. నోరు తెరిచి నాలిక ఎత్తితే తప్ప ఎవరికీ కనపడదు. మరెందుకు అని అడిగితే చెప్పడానికి పెద్ద ఫిలాసఫీ ఏం లేదు. అప్పటికే ఒంటిమీద మూడు బెజ్జాలున్నాయి. చెవులు కుట్టించినప్పుడు నాకు ఊహే తెలీదు. పదకొండేళ్ళప్పుడు కంసాలి ముక్కు కుడుతుంటే అమ్మ నా తల పట్టుకుంది, పెద్దమ్మ చేతులు పట్టుకుంది. ముప్పై మూడేళ్ళకి ఈ నాలుగోది నేనే అడిగి కుట్టించుకున్నాను.

ఇది అందరికీ కుదరదు. కొందరికి ఆ పొర మరీ చిన్నగా ఉంటుంది. స్టూడియోలో అమ్మాయి టార్చి వేసి చాలాసేపు చూసింది. పక్కనే నీలంగా సిరలుంటాయి, కింద ఉమ్మి ఊరే నాళాల నోళ్ళుంటాయి. సూది వాటి జోలికి పోకుండా పొరలోంచే దిగాలి. కుదరకపోతే తిప్పి పంపించేస్తానని ముందే చెప్పింది. ఆ మాట చెప్పని చోట నోరు తెరవకండి.

క్లాంపుతో పొర పట్టుకుని, 1.2 మిల్లీమీటర్ల బోలు సూది దించి, వెనకే టైటానియం రింగు ఎక్కించింది. చీమ కుట్టినట్టుంటుందనేది అబద్ధం. కానీ ముక్కు కుట్టినప్పటంత లేదు. నొప్పి కంటే నోట్లో ఊరిన నీళ్ళతోనే ఎక్కువ ఇబ్బంది. చంటిపిల్లలా చొంగ కార్చుకుంటూ ఆటో ఎక్కాను.

రెండోరోజుకి వాచింది. ఐసు ముక్కలు, పెరుగన్నం, తిన్న ప్రతిసారీ ఆల్కహాల్ లేని మౌత్‌వాష్. ఇవన్నీ వాళ్ళిచ్చిన ఇంగ్లీషు కాగితంలో ఉన్నాయి. లేనిదల్లా 'ళ'.

ట, డ, ణ, ళ పలకాలంటే నాలిక కొన వెనక్కి మడిచి అంగిటికి ఆనించాలి. మడిస్తే కింద పొర సాగుతుంది, రింగు లాగుతుంది. నాలిక మడవకుండానే ఇంగ్లీషు 'టీ' పలికేయొచ్చు కాబట్టి ఆఫీసు మీటింగులు ఎలాగో గడిచాయి. సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది.

"ఏంటే, గొంతు నీరసంగా ఉంది?"

"నిద్ర లేదమ్మా. కల్లు."

"కల్లా?"

"కల్లు మండుతున్నాయమ్మా!"

అచ్చుతప్పుల్లో ల, ళ తేడాలు ఏరి ఎంతమంది పుస్తకాల్ని వెక్కిరించానో లెక్కలేదు. ఆ రచయితలెవరూ ఈ ఫోన్ వినలేదు కాబట్టి బతికిపోయాను.

ఐదోరోజు నిజం చెప్పేశాను. అమ్మ కాసేపు మాట్లాడలేదు. నాకు తాతయ్య గుర్తొచ్చాడు. గోదావరి జిల్లాల్లో వీరభద్రుడి సంబరాలు చూసినవాళ్ళకి నారసాలంటే చెప్పక్కర్లేదు. భక్తులు చెంపకో నాలిక్కో ఇనప నారసం గుచ్చుకుని డప్పుల మధ్య నడుస్తారు. తాతయ్యా గుచ్చుకునేవాడట. ఆ సంగతి మా ఇంట్లో గొప్పగా చెప్పుకుంటారు.

"మీ నాన్న గుచ్చుకోలేదా?" అన్నాను.

"అది దేవుడికి. నీది ఎవరికే?"

నాకే అని చెప్పొచ్చు. అందులో 'ళ' కూడా లేదు. ఎందుకో నోరు పెగల్లేదు.

మూడోవారానికి 'ళ' తిరిగొచ్చింది, రెండు నెలలకి పుండు పూర్తిగా మానింది. అసలు చిక్కు ఆ తర్వాతే. మొన్న పళ్ళ డాక్టరు చిన్న అద్దం పెట్టి, కింది వరస ముందు పళ్ళ వెనకవైపు చిగురు కొంచెం జారిందని చూపించాడు. రింగు రాసుకుని అలా అవుతుంది, జారిన చిగురు తిరిగి దానంతటది పెరగదు, తీసేయమన్నాడు. ఆయన చెప్పింది సబబే. ఇంకా తియ్యలేదు.

పోయిన నెల పెద్దమ్మ మనవరాలి పెళ్ళిలో అమ్మ నన్ను స్టోర్ రూంలోకి లాక్కెళ్ళి, అరటి గెలల పక్కన నించోబెట్టి, ఫోన్ టార్చి వెలిగించింది.

"ఏదీ, ఆ చెయ్యి."

నాలిక ఎత్తాను. తల అటూ ఇటూ వంచి చూసింది.

"ఏడ్చావా?"

నోరు తెరుచుకునే అడ్డంగా తలూపాను.

"ముక్కుకి మాత్రం ఊరంతా వినపడేలా ఏడ్చావు," అని టార్చి ఆర్పేసింది.